గార్డుగారి కుక్కపిల్ల

పులి ఎదురైతే ఏం చేస్తావని ఎవరైనా అడిగితే కాస్త ఆలోచించి చెబుతాను. కుక్క ఎదురైతే మాత్రం నాకు ఆలోచన ఉండదు, కాళ్లే ఉంటాయి. చిన్నప్పుడు పార్వతీపురం దగ్గర మా ఊళ్లో ఒక కుక్క నా పిక్క పట్టుకుంది. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ సూదులు పొడిచేవారు. కుక్క ఒక్కసారే కరిచింది, కాంపౌండరు రోజూ కరిచాడు. ఇద్దరిమీదా నాకు కోపం పోలేదు గానీ, కాంపౌండర్లు వీధుల్లో గుంపులుగా తిరగరు కాబట్టి భయం కుక్కలమీదే నిలిచిపోయింది.

అలాంటిదాన్ని తీసుకొచ్చి అరకులో కాపురం పెట్టించారు. మా ఆయనది రైల్వే ఉద్యోగం. తొంభైల్లో ఆయనకి అరకు బదిలీ అయింది. స్టేషన్ పైన గట్టుమీద మా క్వార్టర్సు. చుట్టూ కొండలు, పొద్దున్నే మంచు, కార్తీకంలో వలిసె పూలు. చూడ్డానికొచ్చిన చుట్టాలంతా "ఎంత అదృష్టమే నీది" అని కుళ్లుకునేవారు. వాళ్లకి పసుప్పచ్చగా వలిసె పూలు కనిపించేవి, నాకు ఆ పూల మధ్యలోంచి లేచిన తోకలు కనిపించేవి.

మా క్వార్టర్సుకీ బడికీ మధ్య ఒక గూడెం ఉంది. ఇంటికి రెండు కుక్కలు. పంటమీదికి పందులు రాకుండా వాళ్లకి కుక్కలు కావాలి మరి, వాళ్ల తప్పేముంది. కొత్తవాళ్లు కనిపిస్తే అరవడం ఆ కుక్కల పని. అవి వాటి పని చేసుకుంటుంటే నేను నా పని చేసుకునేదాన్ని, అంటే పరుగెత్తడం.

నాకొక్కతే కూతురు. దానికి అప్పుడు ఆరేళ్లు. దాన్ని ఏ కుక్కా కరవలేదు, కనీసం వెంటపడలేదు. అయినా కుక్క అరుపు వినిపిస్తే చాలు, బిగుసుకుపోయి నా కొంగులో దూరేది. బడికి వాళ్ల నాన్నే దింపాలి. ఆయనకి డ్యూటీ పడిన రోజున బడి లేనట్టే. బడికి వెళ్లాల్సిన రోజున పొద్దున్నే తిన్నదంతా కక్కేసేది. టీచరు కబురు పెట్టింది, ఇలాగైతే పై క్లాసులో వెయ్యడం కష్టమని.

ఒక ఆదివారం మా ఆయన అన్నం తింటూ తేల్చేశారు.

"జూన్‌లో బడి తెరిసే సరికి గుంట ఇలాగే ఉంటే పార్వతీపురంలో మా అమ్మ దగ్గర ఉంచేద్దాం. అక్కడ ఇంటిముందుకి రిక్షా వస్తాది. నీకు బాధే, నాకు తెల్దేటి? మరి దాని సదువు ఏటయిపోద్ది?"

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అనుంటే నేనూ నాలుగు అని ఉందును. మెల్లగా, దాని తల నిమురుతూ అన్నారు. ఆరేళ్ల పిల్ల. రాత్రి నా చెయ్యి మెడకింద పెట్టుకోకపోతే నిద్రపోదు. దాన్ని పంపేసి నేనిక్కడ ఈ మంచులో ఎవరికి జడ వెయ్యను? ఆ ఉక్రోషంలో నోటికొచ్చింది అనేశాను. "కుక్కే కదా బాధ! అయితే కుక్కనే తెచ్చి ఇంట్లో పెట్టండి. రోజూ చూస్తుంటే దానికే అలవాటవుతుంది."

అనేసి నోరు మూసుకున్నాను గానీ మాట బయటికొచ్చేసింది. మా ఆయనకి నవ్వుతో పొలమారింది. "తెమ్మంటావేటి? నిజంగా? నువ్వా?"

"నేనే. ఏం, తీసుకురాలేరా?" అన్నాను. పార్వతీపురం దాన్ని, అన్న మాట మింగుతానా. నా మనసులో ఉన్నదల్లా క్యాలెండర్లో చూసిన తెల్ల బొచ్చుకుక్క, అరచేతిలో పట్టేది, కావాలంటే తట్టకింద మూసేయొచ్చు.

మా ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో పని నేర్పిన గార్డుగారొకరు రిటైరై విశాఖపట్నంలో ఉండేవారు. ఆయన కుక్కల్ని పెంచి పిల్లల్ని ఇస్తారట. ఊరికే అమ్మేసే రకం కాదు, చాలా పట్టింపు మనిషి అన్నారు మా ఆయన. ఆ పట్టింపు ఎంతటిదో వెళ్లాక గానీ తెలియలేదు.

ముగ్గురం వెళ్లాం. వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చారు. పొడుగ్గా, బక్కగా, తెల్ల మీసాలతో ఉన్నారు. కుక్క ఊసెత్తకుండా మా వంశవృక్షం అంతా అడిగారు. ఇంట్లో పగలు ఎవరుంటారు, ఎంతసేపుంటారు, ఊళ్లకి వెళితే ఎవరు చూస్తారు. పిల్లనిచ్చే మామగారు కూడా మా అన్నయ్యని అన్ని ప్రశ్నలు అడగలేదు. చివరికి ఎలాంటిది కావాలమ్మా అన్నారు.

"చిన్నదండీ. అరచేతిలో పట్టేది. మా పాపకి భయం" అన్నాను.

"చిన్న కుక్కకి లోకమంతా పెద్దగా కనిపిస్తుంది తల్లీ. చాలావాటికి కంగారెక్కువ, అరుపెక్కువ. భయపడే పిల్లకి మళ్లీ కంగారుపడేదాన్ని జత చేస్తారా? నా దగ్గరున్నవి పెద్దవి. గ్రేట్ డేన్ అంటారు. నెమ్మదైన రక్తం చూసి మరీ కలుపుతాను. దీనికి రెండేళ్లకొక ఈత, అంతే. మాఘంలో ఈనుతుంది. రెండు నెలలు నిండితే గానీ పిల్లని బయటికివ్వను. ముందు తల్లిని చూడండి. తల్లిని చూసి పిల్లని, పాడి చూసి బర్రెని తీసుకోవాలని పెద్దలు ఊరికే అన్నారా?"

తలుపు తీశారు. లోపలినుంచి ఒక దూడ వచ్చింది. గోధుమరంగు, నల్ల మూతి, నా నడుం ఎత్తు. అది మొరగలేదు, ఉరకలేదు. సరాసరి మా ఆయన దగ్గరికెళ్లి ఆయన తొడకి ఒళ్లంతా ఆనించి, ఉస్సురని నిలబడింది. అలసిపోయిన ఆడమనిషి స్తంభానికి ఆనుకున్నట్టు ఆనుకుంది. అదంతా తర్వాత మా ఆయన చెబితే తెలిసింది. నేనప్పటికే కుర్చీ ఎక్కి, పిల్లని చంకనెత్తుకుని, వీధిలోవాళ్లు తొంగిచూసేలా కేక పెట్టాను. పిల్ల గుక్కపట్టింది.

గార్డుగారు తల్లికుక్కని లోపలికి పంపి, వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏమనుకోకండమ్మా, ఒక మాట. మీ పాప కుక్కని చూడలేదు. తలుపు తీయగానే మీ మొహం చూసింది. మీ మొహంలో ఏం కనిపించిందో దానికే ఏడ్చింది. ఈ ఇంటికి నేను పిల్లనివ్వలేను."

నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బిచ్చి కొనుక్కుంటామంటే ఈయనెవరు నా మొహానికి వంకలు పెట్టడానికి? తిరుగు రైల్లో శృంగవరపుకోట దాకా తిట్టుకుంటూనే ఉన్నాను. మా ఆయన కిటికీలోంచి చూస్తూ, "మాఘానికి ఇంకా టైముంది కదే" అన్నారు. అంతే అన్నారు. ఆ మాటతో నా కోపం కాస్తా పంతమైపోయింది. మొహమే కదా ఆయనకి కావాల్సింది? మారుస్తాను.

మా ఇంటికి రోజూ పొద్దున్నే గూడెంనుంచి ఒకావిడ కూరగాయలు తెచ్చేది. నాకన్నా పెద్దది, నేను అప్పా అని పిలిచేదాన్ని. చిక్కుళ్లు, రాజ్మా, అడ్డాకులు, ఏది ఉంటే అది. ఆవిడ వెంట ఒక నల్ల కుక్క. అప్ప గడపదగ్గర గంప దించితే అది మెట్లకింద కూర్చునేది. నేను కిటికీ ఊచల్లోంచి బేరమాడేదాన్ని. ఆ రోజు తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి అప్ప బిత్తరపోయింది.

"ఏటమ్మా, ఒంట్లో బాగుందా?"

"మీ కుక్కకి నా భయం పోవాలప్పా. కాదు, నాకు మీ కుక్క భయం పోవాలి" అన్నాను తడబడుతూ.

అప్ప నవ్వింది. పొట్టపట్టుకుని మెట్లమీద కూలబడి నవ్వింది. "ఓలమ్మా! దానికి నీ బయం ఎందుకమ్మా, అంబలి కావాల గానీ."

మర్నాటినుంచి చోడి అంబలి, అదే రాగి అంబలి, చల్లార్చి సత్తుగిన్నెలో పోసి, బూజుకర్రతో దాన్ని మెట్లమీదనుంచి కుక్క ముందుకి నెట్టేదాన్ని. కర్ర ఆ కొసన గిన్నె, ఈ కొసన నేను, నా వెనక తలుపు తెరిచి ఉండాలి. పిల్ల కిటికీలోంచి చూసేది. పిల్ల చూస్తోంది కదా అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుమొహం పెట్టేదాన్ని.

"అమ్మా, పన్ను నొప్పా?" అని అడిగింది ఒకరోజు.

అలా కార్తీకం పోయింది, పుష్యం చలి వచ్చింది. బూజుకర్ర పోయి చీపురుకర్ర వచ్చింది, చీపురుకర్ర పోయి పొడుగు గరిటె వచ్చింది. సంక్రాంతి వెళ్లాక ఒకనాడు గిన్నె చేత్తోనే పెట్టాను. నల్లది నా వేలు నాకింది. లోపలికెళ్లి చెయ్యి సబ్బుతో కడిగి, మళ్లీ కడిగి, పీటమీద కూర్చుని కాసేపు ఏడ్చాను. ఎందుకేడ్చానో అప్పుడు తెలీదు. ఇప్పుడు చెప్పమంటే, అన్నేళ్లు ఆ వేలిని అంత జాగ్రత్తగా దాచుకున్నందుకు. భయం పోయిందని మాత్రం అనుకోకండి. భయం అలాగే ఉంది, దాన్ని లోపల కుక్కడం నేర్చుకున్నానంతే. పిల్ల మాత్రం కిటికీ దాటి రాలేదు.

గార్డుగారికి మా ఆయన సంగతంతా చెప్పినట్టున్నారు. ఫాల్గుణంలో ఒకరోజు చెప్పాపెట్టకుండా ప్యాసింజరు దిగి, గొడుగు ఊపుకుంటూ మా గట్టెక్కారు. ఇల్లు చూడ్డానికొచ్చానమ్మా అన్నారు. పెళ్లికి ముందు మగపెళ్లివారి ఇల్లు చూసినట్టే చూశారు. పెరట్లో మా ఆయన నెలరోజులు కష్టపడి కుక్కకో గూడు కట్టారు, రేకు కప్పు, రంగు కూడా వేశారు. గార్డుగారు దాని చుట్టూ తిరిగారు.

"ఇటువైపు చిరుత వస్తుందా?"

"ఎప్పుడైనానండి. పోయినేడు గూడెంలో ఒక కుక్కని ఎత్తుకుపోనాది" అన్నారు మా ఆయన.

"మరి ఇది కుక్కకి ఇల్లా, చిరుతకి టిఫిన్ క్యారేజీయా?"

మా ఆయన మొహం వాడిపోయింది. నాకు నవ్వొచ్చింది గానీ తర్వాతి మాటకి నవ్వు ఎగిరిపోయింది. "కుక్క ఇంట్లోనే పడుకోవాలి. పిల్లగా ఉన్నప్పుడే కాదు, ఎంత పెద్దదైనా."

ఇంట్లో! దూడంతది! నేను గోడ పట్టుకున్నాను. ఆయన ఆగలేదు. మెట్లు చూశారు. ఈ జాతి పిల్లలు బేగి పెరిగిపోతాయి, ఎముకలు ఆ బరువుకి అందుకోలేవు, ఏడాదిన్నర దాకా మెట్లెక్కి దిగితే తుంటి కీళ్లు పాడైపోతాయన్నారు. మెట్ల పక్కన మట్టితో ఏటవాలు దారి వెయ్యమన్నారు. మా ఎర్ర గచ్చు నున్నగా ఉందని, కాళ్లు జారతాయని గోనెపట్టాలు పరవమన్నారు. బలం రావాలని గుడ్లూ పాలూ తెగ పెట్టొద్దన్నారు. "కొవ్వెక్కిన పిల్లని చూసి మురిసిపోకండి. డొక్కలు చేతికి తగలాలి." టీకా సూదులన్నీ పూర్తయ్యేదాకా గూడెం కుక్కలు తిరిగిన నేలమీద దింపొద్దన్నారు. ఈ చలికి పొట్టి వెంట్రుకల కుక్క ఆగదు, పాత దుప్పట్లతో చొక్కా కుట్టమన్నారు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు కుక్కపిల్లని తెచ్చి చూడు అనడం మరిచిపోయారు.

టీ తాగుతూ ఇంకో మాట కూడా చెప్పారు, పిల్ల వింటుండగానే. "ఇవి ఎక్కువకాలం బతకవమ్మా. ఏడెనిమిదేళ్లు, అంతే. తర్వాత నన్ను తిట్టుకోకూడదు."

పసిదాని ముందు ఆ మాటలేంటని నేను కళ్లెర్రజేశాను. "ముందే చెప్పాలి" అన్నారు ఆయన, అంతకన్నా మొండిగా.

లేవబోతూ పిల్లవైపు చూశారు. అది నా వెనక నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటోంది. "మీరు మారారమ్మా, కనిపిస్తోంది. పాప మారలేదు. పిల్లనిస్తాను. వేసవి సెలవులయ్యేలోగా పాప దాన్ని ముట్టుకోకపోతే నేనే వచ్చి తీసుకుపోతాను. రోజూ తనని చూసి ఒకరు వణికిపోతుంటే ఏ జీవికి మాత్రం బాగుంటుంది? తర్వాతైనా సరే, ముసలిదైనా సరే, మీకు కుదరకపోతే నాకే తెచ్చివ్వాలి. ఇంకెవరికీ ఇవ్వకూడదు."

సెలవులయ్యేలోగా అంటే జూను. అటు కుక్క, ఇటు పిల్ల, రెండూ జూనులోనే తేలాలి. పార్వతీపురంనుంచి మా అత్తగారు అప్పటికే గుంటకి కొత్త గౌన్లు కుట్టించి పెట్టానని కబురు పంపారు. ఆవిడ మంచి మనిషే, ప్రేమగానే కుట్టించారు. నేను మాత్రం ఆ గౌన్ల సంగతి పిల్లకి చెప్పలేదు.

వైశాఖం ఎండల్లో కుక్కపిల్లని తీసుకొద్దామనుకున్న రోజుకి మా ఆయనకి డ్యూటీ పడింది. తప్పించుకుందామన్నవన్నీ నా ఒక్కదాని నెత్తికే చుట్టుకుంటాయి. పిల్లని తీసుకుని ముందురోజే విశాఖపట్నం దిగి మా పిన్ని ఇంట్లో ఉండి, సాయంత్రం గార్డుగారింటికి వెళ్లాను.

పెరట్లో ఎనిమిది పిల్లలు. వాటి కాళ్లు వాటికే బరువు, పరుగెత్తబోయి పల్టీలు కొడుతున్నాయి. అందులో ఒకటి అన్నిటికన్నా దిట్టంగా ఉంది, మా ఆయన చూస్తే అదే కావాలనేవారు. ఒకదానికి రొమ్ముమీద తెల్లమచ్చ ఉంది, గేటు ఊచల వెనకనుంచి మా పిల్ల దాన్నే చూస్తోంది.

"ఎంచుకోవడం నా పని" అన్నారు గార్డుగారు. "ఇన్నాళ్లూ వీటి మధ్య కూర్చున్నవాణ్ని నేను. ఆ దిట్టంది పెత్తనం చేస్తుంది. మచ్చది చెంగుచెంగున మీదికెక్కుతుంది, మీ పాప హడలిపోతుంది. మీకు ఇది." గోడవారగా కూర్చుని మిగతావాటి ఆట చూస్తున్న ఒక ఆడపిల్లని ఎత్తి చూపించారు. చప్పుడైతే ఉలిక్కిపడుతుందా అని పళ్లెం కింద పడేసి చూపించారు. అది తలతిప్పి పళ్లేన్ని చూసి, ఆవులించింది. నేను ఒక వేలితో దాని నుదురు ముట్టాను. పిల్ల గేటు అవతలే ఉండిపోయింది. ఎంత పిలిచినా రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయనే దాన్ని బుట్టలో పెట్టి స్టేషన్‌కి తెచ్చారు. దానికీ రైలు చీటీ తీయించారు. తల్లి పక్కలో పరిచిన గుడ్డముక్క బుట్టలో వేశారు. బోగీలో ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి మళ్లీ గోనెపట్టాల సంగతి, మళ్లీ మెట్ల సంగతి. బండి కదిలాక మాట ఆపేసి గొడుగువైపు చూసుకున్నారు. అంత పట్టింపు మనిషి, కళ్లు తుడుచుకోవడానికి అటు తిరిగారు. అప్పుడు మాత్రం ఆయనమీద నాకు జాలేసింది.

పిల్ల కిటికీ దగ్గర, మధ్యలో నేను, నాకు ఇవతల కాళ్లదగ్గర బుట్ట. బోగీనిండా అరకు చూడ్డానికి బయల్దేరిన కాలేజీ కుర్రాళ్లు. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ బుట్టలోకి తొంగిచూసింది. "కుక్కేటమ్మా? ఆ పాదాలు సూసి గాడిదపిల్ల అనుకున్నాను" అంది. పిల్ల నవ్వలేదు. కాళ్లు రెండూ సీటుమీదికి లాక్కుని, గౌను కిందికి ముడుచుకుని కూర్చుంది. శృంగవరపుకోటలో ఇడ్లీ కొనిపెడితే అదీ ముట్టలేదు. నాకు ధైర్యం జారిపోతూ వచ్చింది. పిల్ల ఈ బుట్టని చూస్తేనే తిండి మానేస్తే ఇంక ఇంట్లో ఏం తింటుంది? పార్వతీపురం పంపడానికి ఏ పెట్టె సర్దాలా అని కూడా ఆలోచించాను.

బండి కొండెక్కడం మొదలెట్టింది. ఆ దారిలో సొరంగాలున్నాయి, ఒకదాని వెనక ఒకటి. సొరంగంలోకి బండి దూరగానే అరవడం మా వైపు ఆనవాయితీ. పిల్లలూ పెద్దలూ అని లేదు, చీకటి పడగానే బోగీ మొత్తం ఒకటే గోల, ఈలలు, కూతలు. ఎవరు నేర్పారో తెలియదు గానీ అరవకపోతే సొరంగం దాటినట్టే కాదు. గార్డుగారు లోకంలో ఉన్న జాగ్రత్తలన్నీ చెప్పారు గానీ ఇది చెప్పలేదు. ఉద్యోగమంతా చివరి పెట్టెలో జెండా పట్టుకుని ఒంటరిగా కూర్చున్నాయన, బోగీల్లో జనం ఏం చేస్తారో ఆయనకేం తెలుసు.

చిన్న సొరంగాల్లో బుట్ట కదిలి ఊరుకుంది. తర్వాత పెద్దది వచ్చింది. బోగీలో దీపాలు లేవు. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి, చెవులు చిల్లులుపడే అరుపులు. బుట్ట పక్కకి ఒరిగినట్టు తెలిసింది. ఆ వెంటనే తడిగా, వెచ్చగా ఏదో నా పాదాలమీదికెక్కింది. గోళ్లు చీరలో చిక్కుకున్నాయి. నా కాళ్ల మధ్య మూతి దూర్చి వణుకుతోంది.

కేక గొంతుదాకా వచ్చింది. ఇన్నేళ్ల కేక. అరిచినా ఎవరికి తెలుస్తుంది, అంతా అరుస్తూనే ఉన్నారు. కానీ నా కూతురికి తెలుస్తుంది. వందమంది అరుపుల్లో కూడా తల్లి గొంతు పిల్లకి తెలుస్తుంది. కొంగు నోట్లో కుక్కుకుని పళ్లు బిగించాను. ఒళ్లంతా చెమట. కాళ్లు మాత్రం నా మాట వినలేదు, గడగడా కొట్టుకుంటున్నాయి, పక్కన సీటుమీద కూర్చున్న పిల్లకి ఆ వణుకు తెలియకుండా ఎలా ఉంటుంది? అయిపోయింది, అంతా పాడుచేసేశాను అనుకున్నాను.

నా పక్కన సీటు ఖాళీ అయింది. చెయ్యి చాచి తడిమితే పిల్ల లేదు. అప్పుడు కిందనుంచి, నా మోకాళ్ల దగ్గరనుంచి, దాని గొంతు వినిపించింది.

"ఇటు రా. ఇటు రావే. మా అమ్మని ఒగ్గీ. అమ్మకి నువ్వంటే బయం."

నా పాదాలమీద బరువు తేలిపోయింది.

వెలుతురు వచ్చింది. అరుపులు ఆగి నవ్వులు మొదలయ్యాయి. నా కూతురు బోగీ నేలమీద, వేరుశెనగ తొక్కుల్లో, కాళ్లు చాపుకుని కూర్చుంది. తన ఒళ్లో పట్టనంత పిల్లని రెండు చేతులతో రొమ్ముకి అదుముకుని ఉంది. దాని పెదవులు ఇంకా వణుకుతున్నాయి. కళ్లనిండా నీళ్లు. తల పైకెత్తి నా మొహంవైపు చూసింది.

"ఏటీ కాదమ్మా. నాను పట్టుకున్నాను కదా" అంది.

గార్డుగారు చెప్పింది నిజమే, పిల్ల నా మొహమే చూస్తుంది. నేను నెలల తరబడి పళ్లికిలించి అతికించుకున్న ధైర్యాన్ని అది ఒక్కరోజు కూడా నమ్మలేదు. దాన్ని కిందికి దింపింది నా భయమే. నేను కొంగు నోట్లోంచి తీసి, ఎదురుగా పెద్దావిడ చూస్తోందని కూడా లేకుండా ఏడ్చేశాను.

తర్వాతి సొరంగం వచ్చేసరికి పిల్ల రెండు చేతులూ కుక్కపిల్ల చెవులమీద మూసి, కుర్రాళ్లవైపు తిరిగి గట్టిగా అరిచింది. "అన్నయ్యా, అరవకండి! ఇది బయపడతాది!" బోగీ మొత్తం ఒకసారి నవ్వి, నిజంగానే నోరు మూసుకుంది.

అరకులో మా ఆయన ప్లాట్‌ఫాం మీద ఎదురుచూస్తున్నారు. మమ్మల్ని చూసి ఆగిపోయారు. ఖాళీ బుట్ట నా చేతిలో ఉంది. పిల్ల ముందు నడుస్తోంది, కుక్కపిల్లని ఎత్తుకుని, బరువుకి వెనక్కి వాలిపోతూ, ఎవరినీ సాయం పట్టనివ్వకుండా. దాన్ని నేలమీద దింపకూడదని నాకే చెబుతోంది.

"ఏటే, ఏటయింది? ఎలాగ?" అన్నారు.

బుట్ట ఆయన చేతిలో పెట్టాను.

"మీ అమ్మగారికి ఉత్తరం రాసీండి" అన్నాను. "ఆ గౌన్లు ఇక్కడికే పంపమనండి."